నొప్పి ఓర్చుకోమని ఎవరికీ చెప్పకండి

క్యాన్సర్ నొప్పికి మందు ఉంది. అది ఖరీదైనదేమీ కాదు, ఎక్కడో విదేశాల నుంచి ఓడలో రావలసిందీ కాదు. దాని ముడిసరుకైన నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సు మీద పండిస్తారు. ప్రభుత్వం దాన్ని కొని గాజీపూర్‌లోనూ నీమచ్‌లోనూ ఉన్న తన కర్మాగారాలకు పంపుతుంది. ఆ నల్లమందులోంచి తీసేదే మార్ఫిన్. మాత్ర కొద్ది రూపాయలకు వస్తుంది. అయినా మన ఊళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తోనో నోటి క్యాన్సర్‌తోనో మంచాన పడ్డ మనిషి కేకలు నాలుగిళ్ల అవతలికి వినపడుతూనే ఉన్నాయి. పక్కింటివాళ్లు తలుపులు వేసుకుంటున్నారు. "పాపం, ఇంకా ఎన్నాళ్లు పడాలో" అని నిట్టూర్చి పడుకుంటున్నారు. అమ్మలారా, అయ్యలారా, ఈ నిట్టూర్పులు ఇక చాలు. మందున్న నొప్పికి జాలి పడి ఊరుకోవడం మనుషులం చేయదగిన పని కాదు.

మందు ఆస్పత్రి దాకా రాకపోవడం ఒక అన్యాయం. వచ్చిన మందు ఇంటికి చేరాక కూడా డబ్బాలోనే ఉండిపోవడం అంతకన్నా బాధాకరం. మొదటిదానికి చట్టంతోనూ అధికారులతోనూ పని. రెండోది మన చేతుల్లోనే ఉంది, కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మార్ఫిన్ రాసిచ్చిన రోజు ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. కొడుకు మాత్రల పొట్లం తెచ్చి బల్లమీద పెడతాడు. చూడ్డానికి వచ్చిన మేనమామ చీటీ చదివి, "ఒరేయ్, ఇది మత్తుమందురా, అలవాటు పడితే మళ్లీ మానలేదు" అంటాడు. పిన్ని ఇంకో మాట కలుపుతుంది: "ఇది ఇచ్చారంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టే." దాంతో పొట్లం బీరువాలోకి పోతుంది. మరీ తట్టుకోలేనప్పుడు ఒకటి ఇద్దామనుకుంటారు. తల్లి పళ్ల బిగువున పడుకుంటుంది. పిల్లల్ని కంగారు పెట్టడం ఇష్టం లేక అడగదు. అర్ధరాత్రి దాటాక ఇక ఆగలేక కేక వేస్తుంది. అప్పుడు ఒక మాత్ర వేస్తారు. అది పని మొదలుపెట్టడానికి అరగంటో ఇంకాస్తో పడుతుంది, ఆ అరగంటా నరకం. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టే కదా ఇది!

మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలు. అందుకే వైద్యులు దాన్ని గడియారం చూసి నాలుగు గంటలకోసారి ఇవ్వమంటారు. నొప్పి వచ్చాక పోగొట్టడం కాదు, రానివ్వకుండా చూడటమే దాని పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ఈ మాట చెప్పింది: నోటితో ఇవ్వండి, వేళ ప్రకారం ఇవ్వండి, మనిషిని బట్టి మోతాదు నిర్ణయించండి. నిద్ర చెడకుండా పడుకునే ముందు ఎంత వేసుకోవాలో, మధ్యలో నొప్పి తన్నుకొస్తే అదనంగా ఎంత ఇవ్వాలో కూడా వైద్యులు లెక్కగట్టి రాస్తారు. ఆ కాగితాన్ని మంచం పక్కన గోడకు అతికించండి. బీరువా తాళం చెవి ఇంట్లో ఒకరి దగ్గరే ఉండాలి, నిజమే. కానీ ఆ ఒక్కరూ వేళ తప్పకూడదు.

ఇప్పుడు మందు వేసుకున్నవాళ్ల అనుభవాలకు వస్తాను. దుష్ప్రభావాలు లేవని చెబితే అది అబద్ధం. అబద్ధం చెప్పి మందు మింగించినవాళ్ల వల్లే చాలా ఇళ్లలో మూడో రోజుకే మందు మానేస్తున్నారు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది. వారాల తరబడి కంటిమీద కునుకు లేని మనిషి నొప్పి తగ్గగానే ఒళ్లు మరిచి నిద్రపోవడం కూడా అందులో కొంత ఉంటుంది. ఇంట్లోవాళ్లు మాత్రం మత్తులో పెట్టేశారని బెదిరిపోతారు. పిలిస్తే పలుకుతున్నారా, ఊపిరి సాఫీగా ఉందా చూడండి. అవి బాగుంటే నిద్రపోనివ్వండి. కొందరికి వికారం, వాంతులు వస్తాయి. ఎక్కువమందికి వారం లోపల అవి సర్దుకుంటాయి, ఆ వారానికి వాంతి మాత్ర ముందే రాయించుకోవచ్చు. నోరు ఎండిపోతుంది, కొందరికి దురద పుడుతుంది, కొందరికి మూత్రం బిగుస్తుంది. ఒక్కోదానికీ ఒక్కో ఉపాయం ఉంది.

మలబద్ధకం మాత్రం వీటితో కలిపి చెప్పేది కాదు. మగత తగ్గుతుంది, వికారం తగ్గుతుంది, ఇది తగ్గదు. మార్ఫిన్ మెదడులోనూ వెన్నుపాములోనూ ఏ తాళాలు తెరిచి నొప్పిని ఆపుతుందో, అవే తాళాలు పేగుల గోడల్లోనూ ఉన్నాయి. అక్కడ అది కదలికను ఆపేస్తుంది. మందు వాడినన్నాళ్లూ పేగు మందకొడిగానే ఉంటుంది. కనుక మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మందూ మొదలవ్వాలి. నాలుగో రోజు కడుపు ఉబ్బాక వెతుక్కోవలసిన మందు కాదది. ఎంతోమంది రోగులు చెప్పే మాట ఇదే: నొప్పి తగ్గింది గానీ కడుపు రాయిలా అయిపోయింది, అన్నం సయించలేదు, మళ్లీ వాంతులు మొదలయ్యాయి. ఇంట్లోవాళ్లు ఈ మందు పడలేదని తేల్చి మానిపించేశారు. నొప్పి తిరిగొచ్చింది. ఎనిమాతో అయిపోయే పనికి ఒక మనిషి మళ్లీ నెల రోజులు అల్లాడిపోయింది.

ఇక్కడ మన ఇంటి వైద్యం గురించి ఒక మాట చెప్పాలి. మలబద్ధకం అనగానే ఇసబ్‌గోల్ పొట్టు కలిపి ఇస్తాం. కదలిక లేని పేగులో, నీళ్లు సరిగా తాగలేని రోగిలో ఆ పొట్టు ఉబ్బి అక్కడే అడ్డం పడుతుంది. పేగును కదిలించే మందు కావాలి. మన నేలలో పెరిగే సునాముఖి నుంచే ఆధునిక వైద్యం సెన్నా మాత్రలు చేసుకుంది, బిసాకోడిల్ మాత్రలూ ఉన్నాయి. ఎన్ని, ఎప్పుడు అన్నది వైద్యులు చెబుతారు. నర్సమ్మలారా, ఆశా కార్యకర్తలారా, మీరు ఆ ఇంటికి వెళ్లినప్పుడు నొప్పి ఎలా ఉందని అడిగిన నోటితోనే మోషన్ ఎప్పుడయిందని అడగండి. సిగ్గుపడి చెప్పనివాళ్లే ఎక్కువ. మామగారి సంగతి కోడలు అడగలేదు, కొడుక్కి తట్టదు. అడగాల్సింది మీరే.

మరో అనుభవం ఉంది, దీన్ని మన ఊళ్లలో ఘోరంగా అపార్థం చేసుకుంటారు. కొన్ని వారాలు మందు బాగా పనిచేశాక ఒకరోజు రోగి గోడవైపు చూసి చీమలు పాకుతున్నాయంటుంది. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారంటుంది. నిద్రలో కాళ్లూ చేతులూ ఉలిక్కిపడ్డట్టు ఎగిరిపడతాయి. గాలి సోకిందంటారు, పోయినవాళ్లు పిలుస్తున్నారంటారు, తాయెత్తు కట్టిస్తారు. జరిగేది వేరు. మార్ఫిన్ శరీరంలో మారిపోయి బయటికి పోవలసింది మూత్రపిండాల గుండా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పెరిగి మూత్రనాళాలను నొక్కేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండాకాలంలో నీళ్లు దిగక ఒళ్లు ఎండిపోయినా అంతే. పోవలసిన వ్యర్థం లోపలే పేరుకుని మెదడును కలవరపెడుతుంది. ఆ రోజే ఫోన్ చేస్తే వైద్యులు మోతాదు తగ్గిస్తారు, వ్యవధి పెంచుతారు, లేదా మూత్రపిండాల మీద భారం తక్కువ పడే ఫెంటానిల్ లాంటి మందుకు మారుస్తారు. చూపు తిరిగి నిలబడుతుంది. తాయెత్తుకు వెళ్లే కాళ్లు ముందు ఆస్పత్రికి వెళ్లాలి.

ఫెంటానిల్ పట్టీ వాడేవారికి ఒక హెచ్చరిక. దాన్ని చర్మం మీద అతికిస్తే మందు మూడు రోజులపాటు మెల్లగా ఒంట్లోకి దిగుతుంది. దాని మీద గానీ పక్కన గానీ కాపడం పెట్టకండి, వేడినీళ్ల సంచి ఆనించకండి. వేడికి మందు ఒక్కసారిగా దిగి ప్రాణం మీదికి తెస్తుంది. తీవ్ర జ్వరం వచ్చినా వైద్యులకు చెప్పాలి. అలాగే రోజుకు ఒకటి రెండుసార్లు వేసుకునే నిదాన మాత్రలను ముక్కు గొట్టంలోంచి ఇవ్వడానికి నూరకూడదు. పన్నెండు గంటల మందు ఒకేసారి బయటపడుతుంది. మింగలేని స్థితి వస్తే అడగండి, వేరే దారి చెబుతారు.

ఇవి బలమైన మందులు. వీటికి భయపడనక్కర్లేదు, నిర్లక్ష్యం మాత్రం తగదు. ఎంత లేపినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం, కంటిపాప సూదిమొనంత కావడం ప్రమాద సూచనలు, క్షణం ఆలస్యం చేయకూడదు. విరుగుడుగా నలోక్సోన్ ఉంది. మద్యంతో గానీ, వైద్యులకు తెలియకుండా వేసుకునే నిద్రమాత్రలతో గానీ వీటిని కలపడం చావును పిలవడమే. ఇన్నాళ్లు వాడిన మందును ఉన్నపళంగా ఆపినా ఒళ్లు తట్టుకోదు. చెమటలు, వణుకు, విరేచనాలు పట్టుకుంటాయి. అది వ్యసనం కాదు, ఒళ్లు మందుకు అలవాటు పడిన గుర్తు. రేడియేషన్‌తో, అంటే మనవాళ్లు కరెంటు పెట్టించడం అంటారే, దానితో ఎముకల నొప్పి తగ్గినప్పుడు వైద్యులు మార్ఫిన్‌ను మెట్టుమెట్టుగా తగ్గిస్తారు, కొందరికి పూర్తిగా ఆపేస్తారు కూడా. మార్ఫిన్ అంటే చావుకు ముందు వేసే ఆఖరి మాత్ర అనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. మార్ఫిన్ వేసుకుంటూ పొలం గట్టుదాకా నడిచివచ్చేవాళ్లు, మనవరాలి పెళ్లిలో కూర్చుని అక్షింతలు వేసినవాళ్లు ఉన్నారు.

అమెరికా సంగతేమిటని చదువుకున్నవాళ్లు అడుగుతారు. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు ఆ వార్తలు విని మరీ భయపడుతున్నారు. నిజమే, ఆ దేశంలో 1996 నుంచి ఆక్సికాంటిన్ అనే మాత్రను అమ్ముకోవడానికి పర్డ్యూ ఫార్మా అనే సంస్థ వ్యసనం భయం లేదని ప్రచారం చేసింది. నడుంనొప్పికీ మోకాలినొప్పికీ నెలల తరబడి రాయించింది. ఆ తర్వాత హెరాయిన్, ఆపైన దొంగచాటు ఫెంటానిల్ వచ్చిపడ్డాయి. 2021 ఒక్క ఏడాదిలోనే ఈ తరహా మందుల మోతాదు మించి 80 వేల మందికి పైగా చనిపోయారు. ఆ పాఠం మనకు కావాలి. లాభం కోసం అమ్మితే ఏ మందైనా విషమే, అందుకే తూకం వేసి ఇవ్వాలి, లెక్క రాయాలి, గతంలో వ్యసనం ఉందా అని అడగాలి. కానీ అక్కడ మందు వరదలై పారింది, ఇక్కడ గొంతు తడవడం లేదు. లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2017లో వేసిన లెక్క ప్రకారం మన దేశంలో రోగులకు అవసరమైన దానిలో దాదాపు 4 శాతమే అందుతోంది. అక్కడి వరదను చూపించి ఇక్కడ దాహంతో ఉన్నవాళ్ల చెంబు లాక్కోవడం ఏం ధర్మం?

ఈ కరవు ఆకాశం నుంచి రాలేదు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. స్మగ్లర్లకు పెట్టిన పదేళ్ల జైలు భయం వైద్యులకూ మందుల దుకాణాలకూ పాకింది. మార్ఫిన్ నిల్వ పెట్టాలంటే నాలుగైదు లైసెన్సులు కావలసి వచ్చేది, ఒకటి చేతికొచ్చేసరికి ఇంకొకదాని గడువు తీరేది. ఆ తర్వాతి పన్నెండేళ్లలో దేశంలో మార్ఫిన్ వైద్య వినియోగం 90 శాతానికి పైగా పడిపోయింది. ఒక తరం వైద్య విద్యార్థులు మార్ఫిన్ మాత్రను కళ్లతో చూడకుండానే పట్టాలు పుచ్చుకున్నారు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. దాని కింద కేంద్రం మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, దేశమంతటికీ ఒకే నిబంధన తెచ్చింది. శిక్షణ పొందిన ఒక్క వైద్యుడో వైద్యురాలో ఉంటే, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఆ ఆస్పత్రికి గుర్తింపు ఇస్తే చాలు, ఆ ఒక్క అనుమతితో మందు తెప్పించుకోవచ్చు. తలుపు తెరిచి పదేళ్లు దాటింది. నడిచి లోపలికి వెళ్లవలసింది మనమే.

నడిచినవాళ్లు మన పక్కనే ఉన్నారు. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు చిన్న గదిలో నొప్పి నివారణ క్లినిక్ పెట్టారు. తర్వాత అది ఆస్పత్రి గోడలు దాటింది. రిక్షా నడిపేవారు, బడిపంతుళ్లు, కళాశాల పిల్లలు, ఇల్లాళ్లు వారానికి కొన్ని గంటలు ఇచ్చారు, చుట్టుపక్కల మంచాన ఉన్నవాళ్ల పేర్లు రాసుకున్నారు, నర్సుతో కలిసి ఇంటికి వెళ్లారు, దుకాణాల ముందు డబ్బాలు పెట్టి చిల్లర పోగుచేశారు. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర విధానంగా చేసుకుంది. ప్రజలు ముందు నడిచారు, ప్రభుత్వం వెనక వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకోండి.

మన దగ్గరా దీపాలు వెలిగాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణ విభాగం ఏళ్ల తరబడి పేద రోగులకు మార్ఫిన్ ఇస్తోంది, వైద్యులకూ నర్సులకూ శిక్షణ ఇస్తోంది. నగరంలో స్పర్శ్ హాస్పిస్ చివరి దశలో ఉన్నవారిని ఉచితంగా చూసుకుంటోంది. తెలంగాణ జిల్లా ఆస్పత్రుల్లో ఉపశమన కేంద్రాలు వచ్చాయి, అక్కడి నుంచి వాహనాలు పల్లెలకు వెళ్తున్నాయి. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇవి చాలవు. శ్రీకాకుళం కొండల్లోని మనిషికి విశాఖ దూరం, ఆదిలాబాద్ గూడెంలోని మనిషికి హైదరాబాద్ ఇంకా దూరం. ఎముకల్లో క్యాన్సర్ ఉన్న మనిషిని మాత్రల కోసం రాత్రంతా బస్సులో కుదిపి తీసుకురావడం వైద్యం అనిపించుకోదు.

డాక్టరు గారూ, మీరు చిన్న పట్టణంలో ప్రాక్టీసు పెట్టుకున్నవారైతే మిమ్మల్నే అడుగుతున్నాను. శిక్షణ తీసుకోండి, మీ ఆస్పత్రికి గుర్తింపు తెప్పించండి. ఇంకేం చేయలేమని చెప్పి పంపేసే రోజు నుంచే ఆ రోగికి మీ అవసరం ఎక్కువ. రోగి మాట వినండి. మంట అంటోందా, కరెంటు షాకు కొట్టినట్టు అంటోందా, సలుపు అంటోందా, పోటు అంటోందా కనుక్కోండి. నరాల మంటకు మార్ఫిన్ ఒక్కటే చాలదని, తోడు మందు కావాలని మీకు తెలుసు. నొప్పిని పది అంకెల్లో చెప్పమనే కొలబద్ద అర్థం కాని ముసలమ్మను, నిన్నటి నొప్పి రూపాయి అనుకుంటే ఇవాళ ఎన్ని అణాలమ్మా అని అడగండి, ఠక్కున చెబుతుంది. మందుల దుకాణం నడిపే తమ్ముడూ, చీటీ చూసి అనుమానంగా మొహం పెట్టకు. నీ దగ్గర లేకపోతే ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపు. ఎదురుగా నిలబడింది నేరస్థుడు కాదు, తల్లి నొప్పి చూడలేక వచ్చిన కొడుకు.

ఇంట్లోవాళ్లకు నా విన్నపం ఒక్కటే: పుస్తకం పెట్టండి. పిల్లల పాత నోటుబుక్కయినా చాలు. మాత్ర వేళ, నొప్పి ఎంత, నిద్ర ఎంత, మోషన్ అయిందా, కొత్తగా ఏం కనిపించింది, రోజుకు రెండు వరసలు రాయండి. పదిహేను రోజుల తర్వాత వైద్యులు దాన్ని చూసి మోతాదు సరిచేస్తారు. బాగానే ఉందండీ అన్న మాటతో ఎవరూ మోతాదు సరిచేయలేరు. రోగి కన్నుమూశాక మిగిలిన మాత్రలను, పట్టీలను ఇంట్లో ఉంచకండి, పక్కవాళ్లకు దానం చేయకండి. లెక్కపెట్టి ఇచ్చిన ఆస్పత్రికే తిరిగి అప్పగించండి. మరో ఇంటి పిల్లవాడి చేతికి ఆ మాత్ర చిక్కకుండా చూడటమూ మన పనే.

యువకులారా, యువతులారా, స్వయం సహాయక సంఘాల అక్కలారా! రక్తదానానికి మీరు వరసకట్టడం చూశాం, వరదల్లో అన్నం పొట్లాలు మోయడం చూశాం. అదే బలం ఇక్కడా కావాలి. మీ ఊళ్లో మంచం దిగలేని వాళ్లెవరో నాలుగు వీధులూ తిరిగి రాయండి. ఆ జాబితాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఇవ్వండి. గ్రామసభలో లేచి నిలబడి, రోడ్డు గురించి అడిగిన గొంతుతోనే నొప్పి మందు గురించి అడగండి.

ఏటా అక్టోబరు రెండో శనివారం ప్రపంచ ఉపశమన సంరక్షణ దినం. ఈ ఏడు ఆ వారంలో ప్రతి జిల్లా కేంద్రంలోనూ పదిమంది కలిసి ప్రభుత్వ ఆస్పత్రికి వెళదాం. సూపరింటెండెంటు గారికి నమస్కారం పెట్టి మూడు సంగతులు అడుగుదాం: ఇక్కడ మార్ఫిన్ మాత్రలు ఈ రోజు నిల్వ ఉన్నాయా, రాసివ్వగల శిక్షణ ఉన్న డాక్టరు ఎవరు, వారంలో ఏ రోజు చూస్తారు? ఉన్నాయంటే ఆ డాక్టరు పేరూ వేళలూ రాసుకొచ్చి ఊరూరా చెబుదాం. లేవంటే గుర్తింపుకు దరఖాస్తు పెట్టమని అక్కడే అర్జీ రాసి ఇచ్చి, రసీదు తీసుకుని, నెల తిరగ్గానే మళ్లీ వెళదాం.